చిన్నకోనకు దారి చూపిన రోజు

నా చిన్నప్పుడు నాకు అరవం వచ్చని గట్టి నమ్మకం. నిజానికి నాకు వచ్చింది అరవడం ఒక్కటే. ఆ రెండింటికీ ఉన్న తేడాను నేను ఒక పెద్దావిడ మోకాళ్ల ఖర్చుతో తెలుసుకున్నాను. ఆ రోజు గురించి మా ఇంట్లో పిల్లలకు చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా తప్పు కొంచెం చిన్నదవుతూ, నా వయసు కొంచెం తగ్గుతూ, కొండ మాత్రం పెరుగుతూ వచ్చింది. కాగితం మీద పెడితే ఇక పెరగకుండా తరగకుండా పడి ఉంటుందని ఇప్పుడు రాస్తున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. తొమ్మిదే. ఏడు కాదు.

మాది పీలేరు దాటాక ఒక పల్లె. అక్కడ అరవం మాట చెవిన పడేది కాదు. దసరా సెలవులు ఇవ్వగానే మా నాయన నన్ను పుత్తూరులో మా తాత దగ్గర, అంటే మా అమ్మ వాళ్ల నాయన దగ్గర, వదిలిపెట్టి వెళ్లేవాడు. పుత్తూరు అప్పుడు పెద్ద ఊరేమీ కాదు. ఒక రైలు స్టేషను, దాని ఎదురుగా రెండు కాఫీ హోటళ్లు, ఒక సత్రం, నీడపట్టున నిలబడి తోకలు ఆడించుకునే నాలుగైదు జట్కా గుర్రాలు. వాటిలో ఒకటి మా తాతది.

అరక్కోణం వైపు నుంచి రైలు వచ్చిందంటే అందులోంచి దిగేవాళ్లు రెండు రకాలు. కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లు, బాగాలేనివాళ్లు. బాగున్నవాళ్లు చుట్టుపక్కల కోనలూ గుళ్లూ చూడడానికి వచ్చేవాళ్లు. బాగాలేనివాళ్లు కట్టు కోసం వచ్చేవాళ్లు. విరిగిన ఎముకను సరిచేసి, ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డతో బిగించే పుత్తూరు కట్టంటే అప్పటికే ఆ రైలుదారి పొడుగునా పేరుండేది. కాబట్టి నేను చెప్పబోయేది ఒక కట్టు కథ. కట్టుకథ మాత్రం కాదు.

మా తాత రెండు రకాలవాళ్లనూ ఎక్కించుకునేవాడు. కట్టు కోసం వచ్చినవాళ్లు ఎక్కితే నోరు మూసుకుని గుంతలు తప్పిస్తూ తోలేవాడు. ఊళ్లు చూడడానికి వచ్చినవాళ్లు ఎక్కితే గుర్రం కన్నా ఆయన నోరే ముందు పరిగెత్తేది. నారాయణవనం గుళ్లో, పద్మావతమ్మ పెళ్లినాటిదని చెప్పుకునే పెద్ద తిరగలి ఉంది. అది చూపించి, దీన్ని తిప్పినవాళ్లందరూ భుజాలు పట్టేసి మా ఊరికే కట్టుకు వచ్చినారు అనేవాడు. నగరి పక్క కొండ మీద ముక్కులా పొడుచుకు వచ్చిన బండ ఒకటి చాలా దూరానికి కనిపిస్తుంది. అందరూ దాన్ని నగరి ముక్కు అంటారు. ఎవరైనా పాపం నగరికి దారెటు అని అడిగితే మా తాత చెర్నాకోల దానికేసి చూపించి, "ముక్కుసూటిగా పొండి" అనేవాడు. అడిగినవాళ్లు నవ్వేదాకా బండి కదిలేది కాదు. మాటలతో ఆడుకునే ఈ జబ్బు నాకు ఆయన నుంచే అంటింది. గుర్రం తోలడం అంటలేదు.

ఆయన అరవం ధారాళంగా మాట్లాడేవాడు. ముందు పలక మీద ఆయన పక్కన కూర్చుని రెండు దసరాలు విన్నాక, నేను సొంతంగా ఒక సూత్రం కనిపెట్టాను. అరవమంటే వేరే భాషేమీ కాదు, తెలుగునే కాస్త అటూ ఇటూ నొక్కి పలకడం. మనం కన్ను అంటే వాళ్లు కణ్ణు అంటారు. మనం పాలు అంటే పాల్ అంటారు. ఊరును ఊర్ అంటారు, బండిని వండి అంటారు. ఇక నేర్చుకోవడానికి ఏముంది? చేతిని మాత్రం కై అంటారు. అది నా సూత్రానికి లొంగలేదు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ఏడు దసరా సెలవుల్లో, స్టేషను ఎదుటి సత్రంలో అరక్కోణం నుంచి వచ్చిన ముసలి దంపతులు దిగి ఉన్నారు. పెద్దాయన బావిగట్టు మీద జారిపడి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టి అప్పటికి తొమ్మిది రోజులు. ఆయన భార్యను నేను పాట్టి అనేదాన్ని. పాట్టి అంటే అరవంలో అవ్వ. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ సత్రం గడప దాటలేదు. ఆ పొద్దున పెద్దాయనే మా తాతను పిలిపించి, ఈమె తొమ్మిది రోజులుగా నా కాలినే చూస్తోంది, కాస్త కొండనో నీళ్లనో చూపించి తీసుకురా, కట్టు విప్పే వేళకు మాత్రం నా దగ్గర ఉండాలి అని చెప్పాడట.

ఆ చివరి మాటలోనే ఉంది అంతా. మొదటిరోజు ఎముక సరిచేసేటప్పుడు ఆయన నొప్పికి తాళలేక కాలు విదిలించాడట. పాట్టి ఆయన తలను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ పట్టుకున్నాక గానీ కుదురుగా పడుకోలేదట. ఇప్పుడు ఎముక సగం అతుక్కుంది. ఇవాళ కట్టు విప్పి, పక్కకు జరిగిన చోట సరిచేసి మళ్లీ కట్టాలి. ఆ సమయంలో గనక కాలు విదిలిస్తే ఎముక వంకరగా అతుక్కుపోతుంది, ఇక జన్మంతా కుంటడమే అని కట్టు కట్టే పెద్దమనిషి ముందే హెచ్చరించాడు. మధ్యాహ్నం మూడు గంటల రైల్లో కొత్తవాళ్లు దిగేలోగా పాత కట్లు మార్చడం ఆయన పద్ధతి. కాబట్టి ఆ రైలు రాకముందే పాట్టి అక్కడ ఉండాలి.

అంత కొద్ది వ్యవధిలో దూరాన ఉన్న కైలాసకోన జలపాతానికి పోయి రావడం కుదరదు. అందుకని మా తాత చిన్నకోనకు పోదామన్నాడు. ఊరికి మూడు మైళ్లు. పేరుకు తగ్గట్టు చిన్నదే. కొండ చీలికలోంచి నీళ్లు ఒకదాని మీద ఒకటిగా మూడు మడుగుల్లోకి దిగుతాయి. కింది మడుగు దాకా చదునైన దారి ఉంది. రెండో మడుగుకు రాళ్లెక్కి పోవాలి. మూడోదానికి మేకలూ, నాలాంటివాళ్లూ పోతారు.

ముందురోజే వాన పడి వెలిసింది. రైల్వే గేటు దాటగానే మామిడితోపులు, వాటి మధ్య ఎర్రమట్టి దారి, ఆ పైన చెనిక్కాయ, అంటే వేరుశెనగ, చేలు. చేలల్లో ఆడవాళ్లు చెట్లు పీకి మట్టి దులుపుతున్నారు. మా తాత ఎవరినో వరసపెట్టి పిలిచి ఎగతాళి చేస్తే, ఆమె బదులు తిట్టి, ఒక చెనిక్కాయ చెట్టును కాయలతో సహా జట్కాలోకి విసిరింది. పాట్టి ఆ పచ్చికాయలు ఒక్కొక్కటే ఒలిచి, మొదటి గింజలు నా చేతిలో పెట్టింది. తొమ్మిది రోజుల తర్వాత ఎండలోకి వచ్చిన మనిషి. దారిలో కనిపించిన కొంగనూ, గొర్రెపిల్లనూ, చెరుకు బండినీ అన్నింటినీ నాకు వేలు పెట్టి చూపించింది, నేను వాటిని ఎప్పుడూ చూడనట్టు. నేను కూడా అప్పుడే చూస్తున్నట్టు తలూపాను.

కోన దగ్గర మా తాత జట్కా ఆపి, గుర్రాన్ని విప్పి కట్టేసి, నన్ను పక్కకు పిలిచాడు.

"నేనీడ లేకుంటే ఈ కోతులు దాణా సంచి ఎత్తకపోతాయి. పోయినసారి కళ్లెం గూడా ఇప్పినాయి. ఆయమ్మకు నువ్వు తోడు పో మే. అరవం వస్తుంది గదా నీకు?"

"ఓ, బాగా వస్తుంది తాతా."

"ఆయమ్మ యాడ సాలంటే ఆడ నిలబడిపో. ఇంగొక అడుగు ముందుకు పోవద్దు. ఎనక్కి పిల్చుకోని రా. ఇనపడిందా?"

వినపడింది. అంతవరకూ మా తాత నన్ను ఎవరికీ తోడు పంపలేదు. కాలికి చెప్పులు కూడా లేని నేను ఆ క్షణాన బూట్లు వేసుకున్నట్టు నడిచాను. దారి చూపేవాళ్లు ముందు నడవాలి గదా. నేను ముందు, పాట్టి నా వెనక.

కింది మడుగు దగ్గర చాలాసేపే ఉన్నాం. పాట్టి చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని రాతి మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టింది. చిన్న చేపలు వచ్చి పాదాలు కొరుకుతుంటే చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. ఆ నీళ్లు కాసిని నెత్తిన చల్లుకుని, వెంట తెచ్చుకున్న ఇత్తడి చెంబులో నింపుకుంది, పెద్దాయన కోసమని. తర్వాత ఎండకేసి చూసి, లేచి నిలబడి, "పోదుం మా" అంది.

నా సూత్రం తక్షణం పనిచేసింది. పాలు పాల్ అయినప్పుడు పోదాం పోదుం ఎందుకు కాదు? "పోదాం పోదాం" అన్నాను. "ఆమా, పోదుం పోదుం" అంది పాట్టి సంతోషంగా. ఆమా అంటే అవునని నాకు తెలుసు. ఒక మాట మీద ఇద్దరు మనుషులకు అంత చక్కగా ఏకాభిప్రాయం కుదరడం నేను మళ్లీ మా పంచాయతీ మీటింగుల్లో కూడా చూడలేదు. నేను రాళ్ల దారి పట్టాను. ఆవిడ నా వెనకే వచ్చింది.

రెండో మడుగుకు ఎక్కేటప్పుడు ఆవిడ ఆయాసం నాకు వినిపించింది. పెద్దవాళ్లు ఆయాసపడతారు, అది వాళ్ల పని అనుకున్నాను. రాళ్ల మీద చెయ్యి అందించాను, అది కూడా ముందుకు చూస్తూనే, చెయ్యి వెనక్కి చాపి. మడుగు చేరాక ఆవిడ ఒక బండకు ఆనుకుని, "పోదుం మా, పోదుం. ముడియలె" అంది.

ముడి! నేను వెనక్కి తిరిగి ఆవిడ జుట్టుముడి చూశాను. నిజంగానే వదులై, మెడ మీదికి జారింది. "ఏం కాదు పాట్టీ, ముడి బాగానే ఉండాది" అని ధైర్యం చెప్పి, నా చేత్తో దాన్ని కాస్త పైకి నొక్కి, "పోదాం పోదాం" అన్నాను. "ఆమా ఆమా, పోదుం" అంది ఆవిడ. ఇంకా ఎక్కడైనా ఆవిడ చాలంటుందేమోనని చెవులు రిక్కించుకునే ఉన్నాను. మా తాత మాట నేను ఎప్పుడూ జవదాటలేదు. ఆవిడ చాలు అనలేదు.

మూడో మడుగు దగ్గర నడిచే దారంటూ ఉండదు. బండ అంచున ఇద్దరు నిలబడే చోటు మాత్రం ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే మా పుత్తూరంతా కాళ్ల కింద పరిచినట్టు కనిపిస్తుంది. తోపులు, చేలు, రైలుపట్టాలు, అగ్గిపెట్టెంత స్టేషను. నేను గర్వంగా చెయ్యి చాపి నిలబడ్డాను. పాట్టి నాలుగువైపులా చూసి, "వండి ఎంగే?" అంది. బండి ఎక్కడ అని. అదొక్కటీ నాకు నిజంగానే అర్థమైంది. సరిగ్గా అప్పుడే అరక్కోణం వైపు నుంచి పొగ చిమ్ముకుంటూ రోకలిబండ పురుగులాగా రైలు పాకుతూ వస్తోంది. "అదో వండి!" అని చూపించాను.

అది మూడు గంటల రైలు.

పాట్టి చేతిలోని చెంబు జారి, రాతి మీద ఒకసారి మోగి, నీళ్లు చిమ్ముకుంటూ కిందికి దొర్లిపోయింది. ఆవిడ ఉన్నచోటనే కూలబడింది. అప్పుడు నేను ఆవిడ వైపు పూర్తిగా తిరిగాను. మోకాలి దగ్గర చీర చిరిగి నెత్తురు అంటి ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఏడుస్తోంది. ఏడుస్తూ పెద్దాయన గురించి ఏదో చెబుతోంది, కాలు కాలు అంటోంది. కాలును వాళ్లు కూడా కాల్ అనే అంటారు. నా సూత్రం అక్కడ పనిచేసింది, నాకు అక్కర్లేని చోట.

నేను ఎట్లా దిగానో నాకు తెలీదు. నేను చెప్పింది సగం వినగానే, అప్పటికే మా కోసం కేకలేసి అలిసిన మా తాత గుర్రాన్నీ దాణానూ కోతులకు వదిలేసి, తలపాగా ఊడదీసి చేత పట్టుకుని ఎక్కసాగాడు. రెండో మడుగు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగి, నా మీద చెయ్యెత్తాడు. ఆయన నా మీద చెయ్యెత్తింది జీవితంలో ఆ ఒక్కసారే.

"సాలన్న కాడ నిలబడమని సెప్పినానా లేదా?"

"ఆయమ్మ సాలనలేదు తాతా. పోదాం పోదాం అనింది."

"అరవామె పోదాం అనిందా? సరిగ్గా ఏమనిందో సెప్పు."

"పోదుం అనింది. ఆడా అనింది, ఈడా అనింది. ముడియలె అని గూడా అనింది."

ఎత్తిన చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత ఆయన దాన్ని నెమ్మదిగా తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఓసి నీ తెలివి తెల్లారా! పోదుం అంటే సాలు అని మే. ముడియలె అంటే ఇంగ నా వల్ల కాదు అని. సాలు తల్లీ, సాలు అని మొత్తుకునింది ఆ మహాతల్లి."

పైకి వెళ్లాక ఆయన పాట్టికి అరవంలో సంగతి చెప్పాడు. ఆవిడ నా వైపు చూసి ఏదో చాలాసేపు చెప్పింది. నేను తిట్లనుకున్నాను. మా తాత ఆవిడ నడుముకు తలపాగా గుడ్డ చుట్టి కడుతూ నాకు తెలుగులో చెప్పాడు. నేను పోదాం పోదాం అంటుంటే, పాపం ఈ బిడ్డ కూడా చాలంటోంది, వేరే దారిన వెనక్కి తీసుకుపోతోంది అనుకున్నదట. ప్రతిసారీ సరేనని అందుకే వెంట వచ్చిందట. బిడ్డను ఏమీ అనొద్దు, తప్పు ఇద్దరిదీ అన్నదట.

ఒక్కటే మాట. ఆవిడకు అది ఆగడం, నాకు అది సాగడం. ఇప్పుడైతే ఇట్లా ప్రాస కలుపుకుని నవ్వుకుంటాను. అప్పుడు నవ్వు రాలేదు. పాట్టి రాళ్ల మీద కూర్చుని, జరుగుతూ, ఒక్కొక్క రాయే దిగింది. గుడ్డ కొన పట్టుకుని పైన మా తాత, కింద నేను, వెనక్కి తిరిగి. జట్కా దగ్గరకు చేరేసరికి దాణా సంచి లేదు. మా తాత దాని ఊసే ఎత్తలేదు. దారంతా పాట్టి కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తూనే ఉంది. రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఒకటి ఎంతకీ తెగదు. ఆ పెట్టెలు ఒక్కొక్కటే పోతుంటే, నా దగ్గరున్న అరవమంతా వెతికాను. తప్పయిపోయింది అని చెప్పడానికి అందులో ఒక్క మాట కూడా లేదు.

మేం వెళ్లేసరికి కట్టు కట్టే పాకలో సందడి తగ్గింది. రైలు దిగినవాళ్లకు కట్లయిపోయాయి. పెద్దాయన చాప మీద ఒంటరిగా పడుకుని ఉన్నాడు. మూడు గంటలకు ముందే ఆయన కట్టు విప్పారు. విప్పాక, ఆమె వస్తే గానీ కాలు తాకనివ్వనని పట్టుబట్టాడట. చెప్పి చూసి, విసిగి, మిగతావాళ్ల పని చూసుకున్నారు. కట్టు లేకుండా అంతసేపు ఉన్న కాలు బిర్రబిగుసుకుపోయింది. పాట్టి పరిగెత్తినట్టే వెళ్లి ఆయన తలను ఒళ్లోకి తీసుకుంది. ఆయన ఆలస్యమెందుకైందని అడగలేదు. చిరిగిన ఆవిడ చీర చూసి, నీకేమైందని అడిగాడు.

కట్టు కట్టే పెద్దమనిషి సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా ఆకుపసరుతో పచ్చగా ఉన్నాడు. కాలి మీద చెయ్యి వేశాడు. పెద్దాయన పళ్లు బిగించాడు, కాలు కూడా బిగిసింది. రెండోసారి వేశాడు. పాట్టి చేతులు పట్టుకున్నా సరే, అదే వరస.

"ఇప్పిన ఎంటనే అయితే తేలిగ్గా అయిపోయుండు," అన్నాడు ఆయన మా తాతతో. "ఇట్ల బిగపట్టుకోని ఉంటే నేను లాగేది ఎట్ల? లాగితే ఎదురు లాగుతాడు. అంతసేపు యాడికి పోతిరప్పా?"

మా తాత నా వైపు ఒకసారి చూసి, జరిగిందంతా చెప్పాడు. ముడి సంగతి కూడా వదల్లేదు. నేను పాక స్తంభం వెనక్కి జరిగాను. ఆ పెద్దమనిషి నవ్వలేదు. పెద్దాయన కేసి చూసి, "ఇదే కత ఆయనకు అరవంలో సెప్పు," అన్నాడు. "మెల్లింగా సెప్పు. తొందరపడొద్దు. నీ జట్కాలో సెప్పినట్ల సెప్పు."

మా తాతకు ఒకరు చెప్పాలా? ఆయన కథ ఎత్తుకున్నాడు. నా నడక నడిచి చూపించాడు, చెయ్యి వెనక్కి చాపి చూపించాడు. కట్టు కట్టే పెద్దమనిషి రెండు చేతులూ కాలి మీదే ఉన్నాయి, ఊరికే నిమురుతున్నట్టు. ఆయన చూపు మాత్రం కాలి మీద లేదు. పెద్దాయన మొహం మీద ఉంది. రెప్ప వేయకుండా అక్కడే ఉంది. ముడి దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన పెదవి వంకర తిరిగింది. ఆయమ్మేమో పోదుం, పాపేమో పోదాం, ఇద్దరూ కలిసి కొండెక్కడం అనేసరికి ఆ ముసలాయనకు పొట్ట అదిరేలా నవ్వు ముంచుకొచ్చింది. పాట్టికి కూడా, ఏడుపు మొహంతోనే, నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలో, మూత తిరిగినట్టు చిన్న చప్పుడైంది. పెద్దాయన ఒక్క కేక పెట్టి, "అయ్యో, పోదుం! పోదుం!" అన్నాడు.

కట్టు కట్టే ఆయన చేతులు తీసేశాడు. అయిపోయింది.

ఇక వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుడుతూ, తల ఎత్తకుండానే నన్ను పిలిచాడు.

"ఏం పాపా, ఇప్పుడేమన్నాడు ఆయన?"

"సాలన్నాడు."

"అబ్బో! ఇంతలోకే అరవం నేర్సుకుంటివే."

"లేదు. మొగం సూస్తే తెలిసింది."

"అట్లనా," అన్నాడు, గుడ్డ ఇంకో చుట్టు తిప్పి. "మరి కోనలో ఆయమ్మకు మొగం లేకపోయెనా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. ఆ రోజు నేను కోనలో కొండముచ్చును చూశాను, నీళ్లపామును చూశాను, ఊరంతా చూశాను. పాట్టి జుట్టుముడి కూడా చూశాను. దానికి జానెడు ముందున్న మొహాన్ని చూడలేదు. చూసి ఉంటే నాకు ఏ భాషా రాకపోయినా సరిపోయేది. దారి చూపిస్తున్నానన్న సంబరంలో, ఎవరికి చూపిస్తున్నానో వాళ్లకు వీపు చూపిస్తూ నడిచాను.

వాళ్లు అరక్కోణం తిరిగి వెళ్లేనాటికి నా సెలవులు అయిపోయి మా పల్లెకు వచ్చేశాను. మా తాత చెప్పాడు, పెద్దాయన కర్ర సాయంతో, ఎవరి భుజమూ పట్టుకోకుండా, తిన్నగా నడిచి రైలెక్కాడని. ఆ మాట నేను మా తాతతో రెండుసార్లు చెప్పించుకున్నాను. తిన్నగానా అని అడిగి మూడోసారి కూడా.

తర్వాత నేను టీచర్నయ్యాను. చిత్తూరు చుట్టుపక్కల బళ్లలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. అర్థమైందా అని అడిగితే పిల్లలందరూ ఒకే గొంతుతో అర్థమైంది టీచర్ అంటారు. ఆ జవాబు నల్లబల్ల వైపు తిరిగి ఉండగా వినకూడదని నాకు కోన చెప్పింది. సుద్దముక్క కింద పెట్టి, ఇటు తిరిగి, బెంచీ బెంచీకి మొహాలు చూసేదాన్ని. అందువల్ల నా పాఠాలు ఎప్పుడూ సమయానికి పూర్తి కాలేదు. పై అధికారులు ఆ సంగతి రిజిస్టర్లలో రాశారు కూడా. మంచిదే.

ఇది ఒకసారి నేర్చుకుంటే వచ్చేసే విద్య అని మాత్రం చెప్పను. ఇప్పటికీ నా నోరు ముందు నడుస్తుంది, కళ్లు వెనక వస్తాయి. మనవాళ్లలో చాలామంది నొప్పిని నోటితో చెప్పరు. బాగున్నానంటారు, పరవాలేదంటారు, ఏమీ లేదంటారు. దాన్ని మా పక్క మొగమాటం అంటాం. ఎంత తెలివైన మాట! మొగం ముందు పెట్టారు, మాట దాని వెనక పెట్టారు. ఆ వరసలోనే చదువుకోమని. నేను అందరికీ వ్యాకరణం చెప్పాను గానీ ఈ మాటను విడదీసి చూసుకోవడానికి నాకు అరవై ఏళ్లు దాటాల్సి వచ్చింది.

మొన్న ఆదివారం మా మనవరాలు హాస్టలు నుంచి వచ్చింది. ఎట్లా ఉన్నావే అంటే, బాగున్నానవ్వా అంది, సంచి కింద పెడుతూనే. నేను వంటింట్లో ఉన్నాను, పాలు పొంగుకు వస్తున్నాయి. పొయ్యి ఆర్పేసి, కళ్లజోడు వెతికి పెట్టుకుని, వచ్చి దాని ఎదురుగా కూర్చున్నాను.